మర వేడి, పిండి మేలు: ధాన్యపు మరలను చల్లగా ఉంచిన చరిత్ర

ధాన్యం పిండి కావాలంటే రాపిడి తప్పదు. రాపిడి ఉన్నచోట వేడి తప్పదు. మరను తిప్పేది ఎద్దులైనా, కాలువ నీరైనా, ఆవిరి యంత్రమైనా, కరెంటు మోటారైనా, అది పెట్టిన బలంలో గింజను చీల్చడానికి నిజంగా ఖర్చయ్యేది కొద్ది భాగమే. మిగిలిందంతా వేడిగా మారి రాతిలోకీ ఇనుములోకీ పిండిలోకీ చేరుతుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. 50 కిలోల గోధుమలు మరాడించడానికి ఒక యూనిట్ కరెంటు ఖర్చయిందనుకుంటే, ఆ శక్తి మొత్తం వేడిగా మారి పిండిలోనే నిలిచిపోతే, పిండి ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గోధుమలే 35 డిగ్రీల దగ్గర ఉంటాయి గనక పిండి 75 డిగ్రీలకు చేరాలి. అంత వేడి చేతికి తగలడం లేదంటే కారణం ఒక్కటే: మరలోంచి ఏదో ఒక దారిన కొంత వేడి బయటికి పోతోంది. ఆ దారిని మనుషులు ఎలా కనుక్కున్నారు, ఎలా వెడల్పు చేశారు, ఒకానొక దశలో ఆ దారే ఎలా ప్రాణాలు తీసింది అన్నదే ఇక్కడ చెప్పబోయే చరిత్ర.

పిండి మరల చరిత్ర రాసేవారు సాధారణంగా శక్తి వరుసలో రాస్తారు. మొదట చేయి, తర్వాత పశువు, నీరు, గాలి, ఆవిరి, విద్యుత్తు. ఆ వరుస సరైనదే. కానీ మరలో ఎంత బలం పెట్టగలం అన్నది సగం కథే. ఆ బలం నుంచి పుట్టిన వేడిని ఎంతవరకు తీసేయగలం అన్నది మిగతా సగం. మర వేగానికి చాలాసార్లు హద్దు గీసింది ఈ రెండోదే.

వేడి చేసే చెరుపు

వేడెక్కితే ఏమవుతుంది? గోధుమ గింజ అడుగున మొలకెత్తే భాగంలో నూనె ఉంటుంది. రాళ్ల మధ్య అది నలిగి పిండంతటికీ పట్టుకుంటుంది. వేడి తోడైతే ఆ నూనె త్వరగా పాడై పిండికి చేదు వాసన వస్తుంది. రొట్టె పొంగడానికి ఆధారమైన గ్లూటెన్ అనే ప్రోటీను కూడా మితిమీరిన వేడికి దెబ్బతింటుంది. పిండి రంగు మారుతుంది. గింజలోని తేమ ఆవిరై, చల్లటి గొట్టాల గోడలకు తగలగానే మళ్లీ నీరవుతుంది. ఆ నీటికి పిండి అంటుకుని ముద్దకడుతుంది. ముద్దలో బూజు, పురుగు చేరతాయి. వేడి పిండిని జల్లెడ పడితే జల్లెడ కళ్లు పూడిపోతాయి. సంచిలో నింపి మూతి కడితే లోపలే చెమ్మగిల్లి గడ్డకడుతుంది.

ఇదంతా పిండికి కలిగే నష్టం. యంత్రానికి కలిగేది వేరు. ఇరుసు తిరిగే బేరింగు దగ్గర గ్రీజు అయిపోతే లోహం వేడెక్కి వ్యాకోచిస్తుంది, బిగుసుకుంటుంది, పక్కనున్న కట్టెనో పిండి ధూళినో కాలుస్తుంది. ఈ రెండు రకాల వేడినీ మర నడిపేవాళ్లు శాస్త్రం పుట్టకముందే ఎరుగుదురు. రాపిడి నుంచి వేడి ఎడతెగకుండా పుడుతూనే ఉంటుందని కౌంట్ రమ్‌ఫర్డ్ లండన్ రాయల్ సొసైటీకి వివరించింది 1798లో. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టానికి మొద్దుబారిన బరమాతో రంధ్రం తొలిపిస్తే చుట్టూ పోసిన నీరు సుమారు రెండున్నర గంటల్లో మరిగింది. చూసినవాళ్లు నివ్వెరపోయారు. నీటి మరల దగ్గర పనిచేసేవాళ్లకు మాత్రం ఆ సత్యం రోజూ అరచేతికి తగిలేదే.

రాతి మీది గాళ్లు

చేతి తిరగలికి ఈ బాధ లేదు. తెలంగాణలో ఇసుర్రాయి అనే ఈ రాళ్ల జతను ఒకరో ఇద్దరో కూర్చుని నిదానంగా తిప్పుతారు. పిడికెడు గింజలు పోస్తారు, పిండి అంచున రాలుతుంది. మనిషి చేతిలోంచి వచ్చే బలమే తక్కువ గనక పుట్టే వేడీ తక్కువ. రాయి దాన్ని మింగేస్తుంది, చుట్టూ ఉన్న గాలి తీసుకుపోతుంది. తిరగలి పిండి ఎక్కువ రోజులు నిలుస్తుందని పెద్దవాళ్లు చెప్పే మాటకు ఈ నిదానమే పునాది.

నీటి చక్రం వచ్చాక లెక్క మారింది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ నీటి మరను వర్ణించాడు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్సులోని బార్బెగాల్ దగ్గర కొండవాలు మీద 16 నీటి చక్రాల సముదాయమే వెలిసింది. 18వ శతాబ్దానికి ఐరోపా, అమెరికా మరల్లో 4 అడుగుల వ్యాసమున్న రాయి నిమిషానికి సుమారు 120 చుట్లు తిరిగేది. అంటే రాతి అంచు నిమిషానికి 450 మీటర్లకు పైగా దూరం పరుగెత్తేది. పై రాయి బరువు కొన్ని వందల కిలోలు. అడుగు రాయి కదలదు. రెండింటి మధ్య అంచు దగ్గర ఎడం కాగితం మందానికి మించదు. ఆ ఎడంలో గింజ ఉన్నంతసేపు రాళ్లు ఒకదానికొకటి తగలవు. గింజ ఆగిందంటే రాయి రాయిని రాస్తుంది, నిప్పురవ్వ లేస్తుంది.

ఇంతటి వేగంలో పిండిని కాపాడింది రాతి ముఖం మీద చెక్కిన గాళ్లు. ప్యారిస్‌కు తూర్పున మార్న్ నది లోయలో లా ఫెర్తే-సూ-జ్వార్ అనే ఊరి గనుల్లో దొరికే గట్టి స్ఫటిక శిలకు అప్పట్లో ఎక్కువ గిరాకీ. చిన్నచిన్న చెక్కలుగా తవ్విన ఆ శిలను ప్లాస్టరుతో అతికి, చుట్టూ ఇనుప పట్టీ బిగించి ఒక రాయిగా తయారుచేసేవారు. దాని ముఖాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో ఒక పెద్ద గాడి, దానికి సమాంతరంగా చిన్న గాళ్లు చెక్కేవారు. గాడికి ఒకవైపు లోతుగా, నిట్టనిలువుగా ఉంటుంది, రెండోవైపు ఏటవాలుగా పైకి వస్తుంది. పై రాతి గాళ్లు, కింది రాతి గాళ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడు కత్తెరలా గింజను కోస్తాయి. గాడికీ గాడికీ మధ్య ఉన్న చదును దాన్ని మెత్తగా నూరుతుంది.

గాడి చేసే మూడో పని గాలికి సంబంధించింది. పై రాతి మధ్యనున్న కంటిలోంచి గింజతో పాటు గాలి కూడా దిగుతుంది. రాయి తిరిగే ఊపుకు ఆ గాలి గాళ్ల వెంట అంచువైపు దూసుకుపోతుంది. పోతూ పోతూ పిండి వేడినీ తేమనూ మోసుకుపోతుంది. గాడి అరిగి నిస్సారమైతే రెండు నష్టాలు ఒక్కసారే జరుగుతాయి. కోయాల్సిన రాయి రుద్దుతుంది, కాబట్టి వేడి పెరుగుతుంది. గాలి దారి మూసుకుంటుంది, కాబట్టి ఆ వేడి బయటికి పోదు. అందుకే కొన్ని వారాలకొకసారి పై రాతిని ఎత్తి, తిరగేసి, ఉలి లాంటి పనిముట్టుతో గాళ్లను మళ్లీ పదునుపెట్టడం నియమంగా ఉండేది. మన ఊళ్లలో తిరగళ్లకూ రోళ్లకూ కక్కు కొట్టేవాళ్లు వీధివీధీ తిరిగిన రోజులున్నాయి. పనిముట్టు వేరైనా వాళ్లు పాటించినదీ ఇదే సూత్రం: పదునున్న రాయి చల్లగా నడుస్తుంది.

పిండి వేడిని కొలవడానికి అప్పట్లో సాధనం మనిషి చెయ్యే. గొట్టంలోంచి రాలే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవారు. మెత్తదనం, గరుకు, వేడి మూడూ ఆ ఒక్క స్పర్శలో తెలిసేవి. రాళ్ల ఎడం ఎంత తగ్గించాలో, గింజ ఎంత వేగంగా వదలాలో దాన్నిబట్టి సవరించేవారు. గింజలు పోసే గరాటు ఖాళీ కాబోతుంటే గంట మోగే ఏర్పాటు చాలా మరల్లో ఉండేది. అది ఉత్త సౌకర్యం కాదు. గింజ లేకుండా రాయి తిరిగితే ఏమవుతుందో తెలిసినవాళ్లు పెట్టుకున్న కాపలా.

ఓలివర్ ఎవాన్స్ అటక

రాళ్లను చల్లగా నడిపినా పిండి ఎంతో కొంత గోరువెచ్చగానే దిగుతుంది. 18వ శతాబ్దపు అమెరికా మరల్లో ఆ పిండిని తొట్లలో ఎత్తుకుని పై అటకకు మోసేవారు. నేల మీద పరిచి, ఒక కుర్రవాడు పొడవాటి పళ్ల కర్రతో అటూఇటూ తిరగేస్తూ ఆరబెట్టేవాడు. చల్లారాకే జల్లెడ పట్టేవారు. చెప్పులతో తొక్కిన మట్టి, చెమట అన్నీ పిండిలో కలిసేవి.

డెలావేర్‌లో 1755లో పుట్టిన ఓలివర్ ఎవాన్స్ 1780లలో ఈ పద్ధతిని పూర్తిగా మార్చాడు. తోలు పట్టీకి తగిలించిన చిన్న తొట్ల వరుసతో గింజను, పిండిని పైకి ఎత్తించాడు. మరమేకులా మెలికలు తిరిగిన ఇరుసుతో పక్కకు నడిపించాడు. అటక మీది కుర్రవాడి పనిని హాపర్ బాయ్ అనే యంత్రానికి అప్పగించాడు. ఒక నిలువు ఇరుసు, దానికి అడ్డంగా నేలకు కాస్త ఎత్తులో పొడవాటి బాహువు, బాహువు కింద ఏటవాలుగా బిగించిన చిన్న పలకలు. బాహువు నెమ్మదిగా తిరుగుతుంటే పలకలు వెచ్చటి పిండిని వలయాలుగా పరుస్తాయి, తిరగేస్తాయి, మళ్లీ కొద్దికొద్దిగా మధ్యకు లాగుతాయి. మధ్యకు చేరేసరికి పిండి చల్లారి ఉంటుంది. అక్కడి రంధ్రంలోంచి తిన్నగా జల్లెడలోకి పడుతుంది. మనిషి చెయ్యి తగలకుండా పిండిని చల్లార్చిన తొలి యంత్రాల్లో దీనికి ముఖ్యమైన చోటుంది.

అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఇచ్చిన మూడో పేటెంటు, 1790 డిసెంబరు 18న, ఎవాన్స్ మర పద్ధతికే దక్కింది. మరుసటి ఏడాది జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లోని తన మరలో ఈ ఏర్పాటు పెట్టించుకున్నాడు. ఎవాన్స్ 1795లో ప్రచురించిన మరల నిర్మాణ గ్రంథం 1860 దాకా 15 ముద్రణలు పొందింది. అయినా పేటెంటు రుసుము చెల్లించడానికి చాలామంది మర యజమానులు ఒప్పుకోలేదు. అలాంటి పళ్ల కర్ర యంత్రం తమ ఇరుగుపొరుగున ముందే ఉందని వాదించారు. ‘ఎవాన్స్ వర్సెస్ ఈటన్’ పేరుతో వివాదం సుప్రీంకోర్టుకు రెండుసార్లు, 1818లోనూ 1822లోనూ వెళ్లింది. పాత పరికరం మీద తాను చేసిన మెరుగుదల ఏదో పేటెంటులో స్పష్టంగా చెప్పలేదన్న కారణంతో చివరి తీర్పు ఎవాన్స్ పక్షానికి వ్యతిరేకంగా వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లయింది. అమెరికా పేటెంటు చట్టానికి పునాదిరాళ్లలో ఒకటిగా నేటికీ చదివే ఈ తీర్పు, పిండిని చల్లార్చే ఒక చెక్క బాహువు మీద నడిచిన తగాదా.

ఆవిరితో పెరిగిన వేడి

అట్లాంటిక్ ఇవతల ఆవిరి యంత్రం మరల్లోకి వచ్చింది. లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన పక్కన 1786లో అల్బియన్ మిల్స్ మొదలైంది. బోల్టన్, వాట్ సంస్థ ఇంజన్లు, యువ ఇంజినీరు జాన్ రెన్నీ అమర్చిన ఇనుప చక్రాలు, ఒకే కప్పు కింద అనేక జతల రాళ్లు. అప్పటికి అంత పెద్ద పిండి మర ఎక్కడా లేదు. 1791 మార్చి 2న అది తగలబడిపోయింది. కావాలనే నిప్పుపెట్టారన్న పుకారు పుట్టింది. పోటీలో నష్టపోయిన చిన్న మరలవాళ్లు వంతెన మీద సంబరాలు చేసుకున్నారు. ఇంజినీర్లు మాత్రం గ్రీజు చాలక వేడెక్కిన బేరింగునే అనుమానించారు. రాయి వేడి పిండిని చెడగొడితే, ఇరుసు వేడి మరనే బూడిద చేయగలదన్న పాఠం ఆ రోజు లండన్ నడిబొడ్డున కనబడింది.

ఆవిరికి అలుపు లేదు. నీటి మర వేసవిలో కాలువ ఎండితే ఆగుతుంది, చలిదేశాల్లో మంచు గడ్డకడితే ఆగుతుంది. ఆవిరి మర రాత్రింబవళ్లు తిరుగుతుంది. రాళ్లకు చల్లారే విరామం లేకుండా పోయింది. గాళ్ల వెంట దానంతట అది పోయే గాలి చాల్లేదు. ఇంగ్లండులో జార్జ్ హింటన్ బోవిల్ 1849లో పొందిన పేటెంటు దీనికి జవాబు. రాళ్ల మధ్యకు గాలిని బలంగా ఊదడం, రాళ్ల చుట్టూ ఉన్న పెట్టెలోంచి వేడి గాలిని, తేమను, పిండి ధూళిని పంకాతో లాగేయడం, ఈ రెండింటినీ కలిపి చేయడం అందులోని సారం. రాళ్లు చల్లబడ్డాయి, పెట్టె గోడలకు పిండి ముద్ద అంటడం తగ్గింది, అదే రాళ్ల జత ఎక్కువ పిండి ఇచ్చింది. అందుకే మర యజమానులు ఎడాపెడా ఈ పద్ధతిని వాడుకున్నారు, బోవిల్ 1850లలో వాళ్ల మీద వరసగా దావాలు వేశాడు.

లాగేసిన గాలిలో సన్నపిండి చాలా ఉంటుంది. దాన్ని పారేయడం నష్టం. అందుకని ఆ గాలిని గొట్టాల ద్వారా ఒక గదిలోకి పంపి, అక్కడ ధూళి నేలకు దిగేలా చేసేవారు. మరలో ఉన్న ఎన్నో జతల రాళ్లు ఇలా ఒకే గొట్టాల అల్లికతో ఒకే గదికి కలిశాయి. ఆ గదిలో ఎప్పుడూ గాలి, దాంట్లో తేలే పిండి ధూళి నిండి ఉండేవి. చల్లదనం కోసం కట్టిన ఈ దారిలో ఎంత ప్రమాదం పొంచి ఉందో తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

గ్లాస్గో, మినియాపొలిస్

పిండి ధూళి పేలుతుందన్న సంగతి కొత్తది కాదు. ఇటలీలోని ట్యూరిన్‌లో 1785 డిసెంబరు 14న ఒక రొట్టెల దుకాణంలో జరిగిన పేలుడును కౌంట్ మొరోజో నమోదు చేశాడు. గాలిలో తేలే పిండి కణం చుట్టూ కావలసినంత ఆక్సిజన్ ఉంటుంది. ఒక కణం అంటుకుంటే పక్క కణం అంటుకుంటుంది, మూసిన గదిలో ఆ వేడి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి గోడలను తోసేస్తుంది. మొదటి కుదుపుకు దూలాల మీద పేరుకున్న పిండి కిందికి రాలి గాలిలో కలుస్తుంది. రెండో పేలుడు మొదటిదానికంటే పెద్దదవుతుంది.

1872 జులై 9న స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరపు ట్రేడ్‌స్టన్ పిండి మిల్లు పేలిపోయింది. 18 మంది చనిపోయారు. వీధిలో పోయేవాళ్ల మీద గోడలు కూలాయి. విచారణ బాధ్యత గ్లాస్గో విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ ఆచార్యుడు విలియం జాన్ మాక్వార్న్ రాంకిన్‌కూ, ఎడిన్‌బరో రసాయనవేత్త స్టీవెన్‌సన్ మాకడమ్‌కూ అప్పగించారు. ఉష్ణశక్తి శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో రాంకిన్ ఒకరు. అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశారు. వాళ్లు తేల్చిన క్రమం ఇది: ఒక జత రాళ్లకు గింజ పడటం ఆగింది. రాయి రాయిని రాసి నిప్పురవ్వలు లేచాయి. ఆ చుట్టూ ఉన్న ధూళి అంటుకుంది. రాళ్లను చల్లబరచడానికి పెట్టిన గాలి గొట్టాలు ఆ మంటను లాక్కుపోయి ధూళి గదిలో పడేశాయి.

ఈ నాలుగు వాక్యాల్లో మరల చరిత్రకు పెద్ద మలుపు ఉంది. చల్లబరిచే ఏర్పాటు తప్పు కాదు. వేడిని తీసేయడంతోనే పని అయిపోయిందనుకోవడం తప్పు. తీసిన వేడి, దాంతో పాటు కదిలిన ధూళి ఎక్కడికి పోతున్నాయో, అక్కడ ఏం పేరుకుంటోందో చూడలేదు. గింజ ఆగకుండా చూడటం, ధూళి గదిని మరకు దూరంగా ఉంచడం, వెలుగు కోసం పెట్టే మంటలను ధూళికి దూరం చేయడం వంటి జాగ్రత్తల మీద చర్చ అక్కడి నుంచి ఊపందుకుంది.

ఆరేళ్లు గడిచాయి. 1878 మే 2 సాయంత్రం అమెరికాలో మిసిసిపీ నది జలపాతం పక్కన మినియాపొలిస్ నగరంలో వాష్‌బర్న్ ఎ మిల్లు పేలింది. 1874లో కట్టిన ఆ మిల్లు దేశంలోకెల్లా పెద్ద పిండి మరల్లో ఒకటి. అప్పుడే పనిలోకి దిగిన రాత్రి షిఫ్టు కార్మికులు 14 మందీ లోపలే చనిపోయారు. చుట్టుపక్కల ఇంకో నలుగురు, మొత్తం 18 మంది. పక్కనున్న మరికొన్ని మిల్లులు కూడా నేలమట్టమయ్యాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యులు పెక్, పెకమ్ పెట్టెల్లో పిండి ధూళిని పేల్చి చూపించి, అనుమానానికి తావు లేకుండా చేశారు. ఇక్కడా నిప్పు పుట్టింది గింజ లేకుండా తిరిగిన రాళ్ల దగ్గరేనని విచారణ నిర్ణయించింది. యజమాని కాడ్వాలడర్ వాష్‌బర్న్ మిల్లును తిరిగి కట్టించాడు. రాళ్ల దగ్గర ధూళిని లాగే కొత్త ఏర్పాటును ఆస్ట్రియాలో పుట్టిన ఇంజినీరు విలియం డి లా బార్ అమర్చాడు. 1880లో మిల్లు మళ్లీ మొదలయ్యేసరికి రాళ్ల యుగమే వెనకపట్టు పట్టింది.

ఉక్కు రోలర్ల చలువ

మినియాపొలిస్ పరిసరాల్లో పండే వసంతకాలపు గోధుమ గట్టిది. దాని పొట్టు పెళుసు. రాళ్లను దగ్గరగా, వేగంగా తిప్పితే పొట్టు పొడై పిండిలో కలుస్తుంది, వేడికి పిండి నల్లబడుతుంది. మార్కెట్లో దానికి తక్కువ ధర పలికేది. 1870 ప్రాంతంలో ఎడ్మండ్ లాక్రువా అనే ఫ్రెంచి మూలాలున్న సాంకేతికుడు ఇక్కడ రవ్వ శుద్ధి యంత్రాన్ని నిలబెట్టాడు. రాళ్లను ఎడంగా, నిదానంగా నడిపి ముందు రవ్వ తీయడం, ఆ రవ్వ జల్లెడ మీద కదులుతుంటే కిందినుంచి గాలి వదిలి పొట్టును ఎగరేయడం, శుభ్రమైన రవ్వను మళ్లీ పిండి చేయడం అందులోని పద్ధతి. వేడి తగ్గింది, పొట్టు పోయింది, తక్కువ ధర పలికిన గోధుమే మేలైన పిండినిచ్చింది.

అసలు మార్పు హంగరీ నుంచి వచ్చింది. స్విట్జర్లాండులో యాకోబ్ సుల్జ్‌బెర్గర్ 1830లలోనే ఇనుప రోలర్ల మధ్య గోధుమను నలిపి చూశాడు. బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో ఆంద్రాష్ మెక్‌వార్ట్ 1874లో గట్టిపరిచిన పోత ఇనుప రోలర్ల యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. వేడి దృష్టితో చూస్తే రాయికీ రోలరుకూ ఉన్న తేడా పెద్దది. నాలుగడుగుల రాతిలో గింజ కంటి దగ్గర దిగి అంచుకు చేరేదాకా అర మీటరుకు పైగా దారి పొడవునా నలుగుతూనే ఉంటుంది. రోలర్ల మధ్య గింజ నలిగేది ఒక గీత వెంట, క్షణంలో ఎన్నో వంతు. వెంటనే గాలిలోకి రాలి, జల్లెడ పట్టి, మరో రోలర్ల జతకు వెళ్తుంది. పది పన్నెండు చిన్న నలుగుళ్లుగా విడిపోయిన ఆ పనిలో ప్రతి రెండింటి మధ్యా చల్లారే విరామం ఉంటుంది. పైగా నూనె ఉన్న మొలక భాగం పొడి కాకుండా అప్పచ్చిలా నలిగి జల్లెడలో విడిపోతుంది. పిండి నెలల తరబడి నిలవ ఉండటానికి, ఓడలెక్కి ఖండాలు దాటడానికి ఇదే ముఖ్య కారణం. ఆ మొలకతోనూ పొట్టుతోనూ పోషకాలు కూడా పోయాయన్నది నిజమే. నిలవ గుణం కోసం ప్రజల ఆరోగ్యం చెల్లించిన మూల్యం అది.

రోలర్లకూ వేడి తప్పలేదు. చివరి దశల్లో నునుపు రోలర్లు రవ్వను గట్టిగా నొక్కినప్పుడు అవే వేడెక్కి, ఉబ్బి, పిండిని సమంగా నూరవు. ఇందుకు 20వ శతాబ్దపు యంత్ర నిర్మాతలు బోలు రోలర్ల లోపలికి ఇరుసు గుండా చల్లటి నీటిని పంపే ఏర్పాటు తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద మిల్లుల్లో పిండిని తొట్ల వరుసతో ఎత్తడానికి బదులు గాలితో గొట్టాల్లో లాగే పద్ధతి వ్యాపించింది. ఆ గాలే పిండిని మోస్తుంది, అదే చల్లారుస్తుంది. ఎవాన్స్ అటక మీద గంటల తరబడి సాగిన పని ఇప్పుడు గొట్టంలో సెకన్లలో జరుగుతోంది.

తెలుగు నేల మీద

మన పల్లెల్లో పిండి మర, తెలంగాణలో గిర్ని, చాలాకాలం ఆయిల్ ఇంజనుతో నడిచింది. ఇంజను పక్కన సిమెంటు నీళ్ల తొట్టి ఉండేది. వేడెక్కిన నీరు తేలికై పై గొట్టం గుండా తొట్టిలోకి వచ్చేది, చల్లటి నీరు అడుగు గొట్టం గుండా సిలిండరు చుట్టూ చేరేది. పంపు అక్కర్లేదు, నీటి బరువు తేడాయే దాన్ని తిప్పేది. ఇంజనుకు నీళ్లు, పిండికి గాలి. మర మూతికి కట్టిన గుడ్డ గొట్టాన్ని గమనించండి. పిండి లోపల దిగుతుంది, వెచ్చటి గాలి గుడ్డ రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. బోవిల్ పెద్ద గదులు కట్టించిన పనిని చిన్న గిర్నిలో ఒక మూర గుడ్డ చేస్తోంది. ఆ గుడ్డ పిండి పట్టి బిర్రబిగిస్తే గాలి ఆడదు, పిండి కాలుతూ దిగుతుంది. అందుకే దాన్ని దులపడం, ఉతకడం పనిలో భాగం.

బియ్యం సంగతి ఇంకొంచెం సున్నితమైనది. బ్రెజిల్‌లో ఎంగెల్‌బర్గ్ 1885లో పేటెంటు పొందిన హల్లరు 20వ శతాబ్దంలో కృష్ణా గోదావరి డెల్టాల నిండా వ్యాపించింది. ఇనుప పెట్టెలో గాట్లున్న ఉక్కు దిమ్మ వడ్లను ఒకదానికొకటి ఒత్తుతూ పొట్టు, తవుడు ఒకేసారి ఊడదీస్తుంది. ఒత్తిడి ఎక్కువ, వేడి ఎక్కువ, నూక ఎక్కువ. భారత ప్రభుత్వం 1958లో రైస్ మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చాక, ముఖ్యంగా 1960ల నుంచి, రబ్బరు రోలర్లున్న ఆధునిక మిల్లులు వచ్చాయి. పాలిష్ పట్టే యంత్రంలో బోలు ఇరుసు గుండా గాలి వదిలి బియ్యాన్ని చల్లబరుస్తూ తవుడును ఊదేసే జపాన్ పద్ధతి అందులో ముఖ్యమైనది. పాలిష్‌ను ఒక్క దెబ్బకు కాకుండా రెండు మూడు విడతల్లో పట్టడం కూడా వేడిని పంచేందుకే. నూక తగ్గితే రైతుకూ మిల్లరుకూ మిగిలేది నేరుగా ధాన్యమే.

కారం, ధనియాలు, పసుపు పట్టే మరల్లో నష్టం వాసన రూపంలో కనబడుతుంది. ధనియాలకు పరిమళమిచ్చే నూనెలు వేడికి ఎగిరిపోతాయి. మిరప ఎరుపు మసకబారుతుంది. మర దగ్గర వీధంతా ఘుమఘుమలాడుతోందంటే పొడిలో ఉండాల్సిన వాసన కొంత గాలిలో కలిసిందనే అర్థం. దీనికి విరుగుడుగా సున్నాకు 196 డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతలో ఉండే ద్రవ నత్రజనితో గింజలను గడ్డకట్టించి పొడిచేసే పద్ధతి మీద ఐఐటీ ఖరగ్‌పూర్ వంటి సంస్థల్లో పరిశోధనలు జరిగాయి. ఖర్చు ఎక్కువ గనక అది ఎగుమతి మేలురకాలకే పరిమితం. ఇంట్లో మాత్రం మన ఆడవాళ్లు ఎప్పటినుంచో పాటించే పద్ధతి ఉంది. మర నుంచి తెచ్చిన పిండినీ కారాన్నీ పళ్లెంలోనో గుడ్డ మీదనో పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత పెడతారు. ఎవాన్స్ యంత్రం చేసిందీ ఇదే.

మిగిలిన పాఠం

అల్బియన్ మిల్స్ వేడెక్కిన బేరింగు కథ పాతబడలేదు. 1977 డిసెంబరు 22న అమెరికాలోని వెస్ట్‌వేగోలో ధాన్యపు గోదాము పేలి 36 మంది చనిపోయారు. ఆ దశాబ్దపు ప్రమాదాల తర్వాత 1987లో అక్కడి కార్మిక భద్రతా శాఖ ధాన్యం నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ధాన్యం ఎత్తే తొట్ల వరుసల బేరింగుల మీద నిఘా, ధూళి శుభ్రం చేయడం అందులో ముఖ్యాంశాలు. 2008 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర కర్మాగారం పేలి 14 మంది మరణించినప్పుడు, మూతవేసిన కన్వేయరులో వేడెక్కిన బేరింగే నిప్పు పుట్టించి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది.

రెండువేల ఏళ్ల ఈ అనుభవం చెప్పేది సూటిగా ఉంది. చల్లార్చడం పిండి పట్టాక చేసే అదనపు పని కాదు, పిండి పట్టడంలోనే సగం పని. రాయికి పదును, గాలికి దారి, గింజకు ఎడతెగని ధార, బేరింగుకు గ్రీజు, ధూళికి చీపురు: ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా నష్టం పిండితో ఆగదు. మన ఊరి గిర్ని, రైస్ మిల్లు నడిపేవాళ్లు రోజూ పని ముగిశాక బేరింగు మీద చెయ్యి వేసి చూడాలి, దూలాల మీద ధూళి దులపాలి, ఖాళీ మరను ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. గ్లాస్గోలోనూ మినియాపొలిస్‌లోనూ పోయిన 36 ప్రాణాలు ఈ చిన్న జాగ్రత్తల విలువ చెప్పిపోయాయి. వాటిని పాటించడం మిల్లు యజమాని దయ కాదు, అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ అతడు బాకీ ఉన్న బాధ్యత.